గీత అవతల బంతి

పది గంటలకు నేను గంగయ్య ఇంటి అరుగు మీద ఉండాల్సినదాన్ని. ఫోన్ మధ్యలో పెట్టుకుని, ఒక పక్క గంగయ్య, ఒక పక్క కన్నమ్మ, నా మోకాలికి ఆనుకుని వాళ్ళ బిడ్డ హేమ్లి, నలుగురం కలిసి వినాలని అనుకున్నాం. అనుకుంటే సరిపోతుందా? ఏడింటి బస్సు రానే రాలేదు. తొమ్మిదిన్నర బస్సు వచ్చేసరికి భద్రాచలం బస్టాండు మొత్తం దాంట్లోకే ఎక్కింది. ఇద్దరి సీటులో ముగ్గురం, కిటికీ పక్కన నేను, ఒళ్ళో బ్యాగు, చెవిలో ఇయర్‌ఫోను, గోదారి బ్రిడ్జి దాటకముందే చెమటతో ముద్దయిపోయాను. నలభై మూడేళ్ళ దాన్ని, పూనెం నాగలతని, టేకులపల్లి ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా విజిల్ ఊదుతున్న పీఈటీని. నిన్నటిదాకా భద్రాచలంలో పరీక్షల డ్యూటీ వేశారు, ఇవాళ ఆదివారమని వదిలారు, అదే మహాభాగ్యం. ఇంకో పావుగంటలో డ్రాఫ్టు మొదలు, అంటే దేశమంతటి ఆడపిల్లల్లోంచి టీములు తమకు కావాల్సినవాళ్ళను ఎంచుకోవడం. ఆరు టీములు, టీముకు ఎనిమిది మంది, నలభై ఎనిమిది పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. అందులో హేమ్లి పేరుంటే ఆ పిల్ల శిక్షణకు పోతుంది, చదువూ తిండీ అన్నీ టీము వాళ్ళే చూసుకుంటారు. లేకపోతే రేపు పొద్దున్నే ఏన్కూరు మిరపతోటలకు పోయే ట్రాలీ ఎక్కుతుంది, కాలేజీ అక్కడితో ఆఖరు. సంక్రాంతి ముందు గంగయ్య నాతో తెగేసి చెప్పాడు. "ఒక్కపాలి చూస్త మేడం. ఓల్లు తీసుకుంటే పంపుత. లేకుంటే మిరపకాయ ఏర పోవుడే. ఇంట్ల ఒక్కదాన్ని కూసోబెట్టుడు నాతోని కాదు." గంగయ్య చెడ్డవాడేం కాదు. ఒక్క మాట మీద నిలబడే మనిషి, అంతే, నాకు అదే భయం.

తీసుకుంటారు. ఎందుకు తీసుకోరు? నా మొహం, ఇప్పటికి వందసార్లు అడిగాను నన్ను నేనే.

సారపాక దాటి, బూర్గంపాడు అడ్డరోడ్డు దాటి, అడవిలో పడ్డామో లేదో చెవిలో ఎవరో ఆడమనిషి నమస్కారం అంటూ అంటూనే తెగిపోయింది. సరిగ్గా పది. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏం కాదు, ముందు దీపం వెలిగిస్తారు, శాలువాలు కప్పుకుంటారు, మైకు పట్టుకున్న పెద్దమనిషి పావుగంటకు ముందు దించిన చరిత్ర నేనింతవరకు చూడలేదు. కిటికీ బయట టేకు చెట్లు ఆకు రాల్చేసి నిలబడ్డాయి, అక్కడక్కడ మోదుగు పూసింది, గుడిసె ముందు కోళ్ళు రోడ్డు దాటుతుంటే డ్రైవరు హారను కొట్టి తిట్టాడు. కోడి. అసలు ఇదంతా కోడితోనే మొదలైంది. మూడేళ్ళ కింద మా స్కూలుకు ఫుటీ బంతులు పన్నెండు వచ్చాయి, ఆస్ట్రేలియా వాళ్ళ ఆటట, బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు మాదిరి కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తొచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాళ్ళకు అందియ్యొచ్చు, చివర నాలుగు గుంజలుంటాయి, నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. రూల్సు పుస్తకం చదివి నేనే తికమక పడ్డాను. ఆడపిల్లలు మాత్రం గుడ్డు బంతి అని పేరు పెట్టి మొదటి రోజే నవ్వుకుంటూ ఆడేశారు. అయితే ఆ గుడ్డు నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దేవుడికి కూడా తెలియదు. ఎడమకు అనుకుంటే కుడికి, ముందుకు అనుకుంటే మొహం మీదికి. పిల్లలంతా అది పడి, లేచి, మళ్ళీ పడేదాకా చేతులు చాపుకుని నిలబడేవారు. ఎనిమిదో తరగతి హేమ్లి మాత్రం నిలబడలేదు. వంగిన నడుము వంగినట్టే ఉరికి, అది లేవకముందే ఒంటిచేత్తో లాగేసుకుంది. ఒకసారి అయితే అదృష్టం అనుకుందును. సాయంత్రం దాకా ఇరవైసార్లు చేసింది. ఎట్లా పట్టినవే అంటే సిగ్గుపడి, "చుట్టం వస్తే మా అవ్వ నాకే చెప్తది మేడం, కోడిని పట్టుమని. దాని తల దిక్కు చూస్తే దొరకదు, కాళ్ళ దిక్కు చూడాలె" అంది. అబ్బ! నేను పటియాలాలో కోచింగు సర్టిఫికెట్టు చేసినదాన్ని, నాకు ఎవరూ అంత బాగా చెప్పలేదు.

చెవిలో గరగరమంది. వచ్చింది, వచ్చింది, సిగ్నల్ వచ్చింది. "...తొమ్మిదో ఎంపిక" అంటున్నారు. తొమ్మిదా? అప్పుడే తొమ్మిదా? శాలువాలు ఏమయ్యాయి మరి? ఎవరో పుణె అమ్మాయి పేరు చదివారు, చప్పట్లు. పోనీలే, మొదటి ఎనిమిదీ పోతే పోయాయి, అవెట్లాగూ మనవి కావు. కోల్‌కతా పిల్లలుంటారు, కేరళ పిల్లలుంటారు, ఆరడుగుల పొడుగువాళ్ళు, నాలుగేళ్ళుగా జాతీయ పోటీలు ఆడినవాళ్ళు, వాళ్ళ పేర్లు అందరికీ ముందే తెలుసు. మాది ఇరవై తర్వాతే. కావాలంటే వెనక్కి జరిపి వినొచ్చు, కానీ వెనక్కి పోతే ముందువి పోతాయి, నాకు ముందువే కావాలి. కాల్స్ రాకుండా కూడా పెట్టేసుకున్నాను, ఫోన్ మోగితే లైవ్ ఆగిపోతోంది. అసలు సంగతి అది కూడా కాదు, హేమ్లి ఫోన్ చేసి "ఏమైంది మేడం" అంటే ఏం చెప్పను? అందుకే పెట్టుకున్నాను. పిరికిదాన్ని. పది, పదకొండు. పాల్వంచ ఇంకా ఎంత దూరమో.

డ్రాఫ్టు కోసం పిల్లలకు పెట్టిన ఆ పరీక్షలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయిన నెల భద్రాచలం కాలేజీ గ్రౌండులో మా జిల్లాలన్నిటికీ కలిపి ముప్పైనాలుగు మంది పిల్లల్ని పరీక్షించారు. హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు, పెద్దాయన వెంకటరామారావు గారు, ఆయన వెంట లాప్‌టాప్ పట్టుకున్న ఒకాయన. నేను మూడోదాన్ని, ఈ ప్రాంతపు పరిశీలకురాలిని, మెడలో కార్డు కూడా వేశారు. ఇరవై మీటర్ల పరుగులో హేమ్లి మధ్యరకం. నిలబడి ఎగిరే పరీక్షలో ఇంకా కింద, ఉన్నచోట నిలబడి ఊరికే పైకి ఎగరమంటే దానికి నవ్వొచ్చింది, "ఏం అందుకోవాలె మేడం?" అని అడిగింది. గోడ మీద సుద్ద గీత అందుకోవాలి. సుద్ద గీత కోసం ఎవరు ప్రాణం పెట్టి ఎగురుతారు? ఒక్క దమ్ము పరీక్షలో మాత్రం అందరూ కూర్చున్నాక కూడా ఉరుకుతూనే ఉంది, చాలమ్మా అని వెంకటరామారావు గారే ఆపించారు. అన్నీ కలిపి కంప్యూటరు ఇరవై ఏడో నంబరు అని చూపించింది. ముప్పైనాలుగులో ఇరవై ఏడు. ఆ యంత్రానికి కోడిని పట్టే లెక్క ఎవరు నేర్పారు గనుక.

పదహారు. పదిహేడు. కొచ్చి అమ్మాయి, ఇంకో కోల్‌కతా అమ్మాయి. పక్కన కూర్చున్న ముసలామె నా భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది, మధ్యలో ఆమె మనవరాలు నా ఇయర్‌ఫోను తీగ పట్టుకుని లాగుతోంది. లాగకమ్మా, నా ప్రాణం ఆ తీగలోనే ఉంది.

తప్పు నాది. ఎన్నిసార్లు అనుకున్నా తప్పు నాదే. ఆ రోజు పొద్దున ఆటకు ముందు చిన్న కసరత్తు పెట్టాను, గ్రౌండును మూడు ముక్కలుగా సున్నం గీతలు వేయించి, ఎవరి ముక్కలో వాళ్ళు ఉండి బంతి అందుకోవాలి. పిల్లలు కలగాపులగంగా మీద పడుతుంటే అరిచాను. "గీత అవతలిది ఓల్లది! అటు పోవద్దు, ఓల్లది ఓల్లకే ఇడిచిపెట్టాలె!" ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆ తర్వాత అదే గ్రౌండులో అసలు ఆట మొదలైంది, ఆటలో ఆ గీతలకు పనేం లేదు, ఎవరు ఎక్కడికైనా పోవచ్చు. గీతలు చెరిపించలేదు, చెప్పనూ లేదు. అందరికీ తెలుసులే అనుకున్నాను. నేనే! ఇప్పచెట్ల కింద పెరిగిన నేనే అనుకున్నాను! మా అడవి ఊళ్ళలో ఇప్పచెట్లకు కంచె ఉండదు, రాతకోతలుండవు, కానీ ఏ చెట్టు ఏ ఇంటిదో ప్రతి పిల్లకూ తెలుసు. ఎండాకాలం ముందు ఎవరి చెట్టు కింద వాళ్ళు ఎండాకులు కాల్చి నేల చదును చేసుకుంటారు, ఆ నల్లటి నేల ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా ఆ ఇంటిది. రాత్రంతా పువ్వు రాలుతుంది, తెల్లారి చూస్తే చెట్టు కింద తెల్లగా పరుచుకుని ఉంటుంది, గంప పట్టుకుని పోతాం. పక్కచెట్టు కింద కుప్పలు పడి ఉన్నా, వాళ్ళు ఆ రోజు రాకపోయినా, జింకలొచ్చి తినిపోతున్నా ఒక్క పువ్వు ముట్టం. ఆరేళ్ళప్పుడు నేను ఎవరూ చూడట్లేదని పక్కచెట్టు కింద నాలుగు పువ్వులు ఏరి నోట్లో వేసుకోబోతే మా అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ఎక్కడ ఏరానో అక్కడే పెట్టించింది. కొట్టలేదు, తిట్టలేదు. పెట్టించింది, అంతే. ఆ నాలుగు పువ్వుల సంగతి ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. అట్లాంటి ఊరి పిల్లతో నేను, గీత అవతలిది వాళ్ళది అని గట్టిగా అరిచి చెప్పాను.

ఆట సగం అయ్యేదాకా నరకం. బంతి పడుతుంది, హేమ్లి ఉరుకుతుంది, దానికన్నా ముందు ఎవరూ లేరు, ఇంకో రెండు అడుగులు, అంతే, గీత దగ్గర బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది. బంతి గీతకు మూరెడు దూరంలో ఊరికే పడి ఉంటుంది. అవతలి టీము పిల్ల తాపీగా వచ్చి తీసుకుపోతుంది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నేను గట్టు మీద నిలబడి గుడ్లు తేలేస్తున్నాను. వెంకటరామారావు గారు తల అడ్డంగా ఊపుతూ రాసుకున్నారు, తొంగి చూశాను, "చివరిదాకా పరుగెత్తదు. ఆకలి లేదు." ఆకలి లేదా! గంగయ్య ఇంట్లో పిల్లకు ఆకలి సంగతి హైదరాబాదు నుంచి వచ్చి చెప్పాలా! నోటిదాకా వచ్చింది, మింగాను. సగం ఆటకు విజిల్ పడగానే ఉరికి దాన్ని పట్టుకున్నాను. "ఏమైందే నీకు? ఎందుకాగుతున్నవ్?" అది నా వంక వింతగా చూసింది, పిచ్చిదాన్ని చూసినట్టు. "ఆ తట్టు ఓల్లది గద మేడం. మీరే అంటిరి." నీళ్ళ సీసా చేతిలోనే ఉంది, దానికి ఇవ్వడం కూడా మరిచిపోయాను. ఇంత అన్యాయం నా చేత్తో నేనే చేశానా అనిపించి, దాని రెండు చెంపలు పట్టుకుని, మా మాటలో, కోయలో, నెమ్మదిగా చెప్పాను. ఇక్కడ ఎవరి చెట్టూ లేదు తల్లీ, ఈ నేల మొత్తం ఎవరు ముందు పోతే వాళ్ళది. "మొత్తమా?" అంది. మొత్తం. "ఆ గుంజలదాకా?" ఆ గుంజలదాకా. అప్పుడు నవ్వింది చూడు.

ఇరవై రెండు, ఇరవై మూడు. ఈసారి మా పక్క పేరు కావొచ్చని ఊపిరి బిగబట్టాను, కాదు, భువనేశ్వర్ అమ్మాయి. పాల్వంచ వచ్చింది, సగం బస్సు దిగింది, దిగినంతమందీ ఎక్కారు. కండక్టరు నా జీరో టికెట్టు మళ్ళీ అడిగాడు, ఇందాకే చూశావు గదయ్యా. చూపించాను.

ఆ రెండో సగం! ఎవరికి చెప్పను ఆ రెండో సగం గురించి. విజిల్ పడిన పది సెకన్లకే బంతి గీత దాటి దొర్లింది, హేమ్లి గీత దగ్గర ఒక్క క్షణం తటపటాయించి నా దిక్కు చూసింది, నేను గట్టు మీద నుంచి రెండు చేతులూ ఊపి "ఉరుకు!" అని అరిచాను, ఇంక చూడు నా సామిరంగా, కట్టేసిన దూడను విప్పినట్టు పోయింది. గ్రౌండు ఈ మూల నుంచి ఆ మూలకు దానికి అడ్డం లేదు. బంతి ఎగిరితే కింద అదే, దొర్లితే ముందు అదే, ముగ్గురు పడి కొట్లాడుకుంటున్న దాంట్లోంచి వంగిన నడుము వంగినట్టే దూరి, ఒంటిచేత్తో తీసి, లేస్తూ లేస్తూనే పిడికిలితో గుద్ది పక్కపిల్లకు అందించడం, ఆ పిల్ల తన్నేలోపు మళ్ళీ తాను ముందుకు పోయి నిలబడడం. గీత అవతల పడ్డ బంతులు నేను పెన్సిలుతో గీతలు పెట్టి లెక్కపెట్టాను, పదకొండు. పదకొండూ తీసింది, ఒక్కటి వదల్లేదు. మూడుసార్లు తానే గుంజల మధ్య నుంచి తన్నింది. చివరికొచ్చేసరికి అవతలి టీము పిల్లలు కూడా ఆడడం మానేసి చూశారు, వాళ్ళ కోచ్ జంపయ్య విజిల్ నోట్లోంచి తీసి "ఏం పిల్లనే నాగలతా, ఎక్కడ దాచినవ్ ఇన్ని రోజులు?" అన్నాడు. ఖోఖో ఆడినప్పుడు, రాష్ట్రానికి ఆడినప్పుడు, పెళ్ళినాడు, ఉద్యోగం కాగితం చేతికొచ్చిన నాడు, ఎప్పుడూ నాకంత సంతోషం కలగలేదు. గొంతు పోయింది, మూడు రోజులు స్కూల్లో సైగలతో పాఠం చెప్పాను.

అంతా బాగానే ఉంది, చూసినవాళ్ళేరి? సగం ఆట కాగానే గుడి తలుపులు మూసేలోపు రాములవారి దర్శనం చేసుకొస్తామని ఇద్దరూ కారెక్కారు. అంత దూరం వచ్చి దర్శనం చేసుకోకుండా ఎవరుంటారు, తప్పు పట్టను. లాప్‌టాప్ ఆయన కెమెరా కూడా కారులోనే పోయింది. తిరిగొచ్చేసరికి పిల్లలు అరటిపండ్లు తింటున్నారు. నేను ఊపిరాడకుండా చెప్పాను, చేతులు తిప్పుతూ, ఉరికి చూపిస్తూ. వెంకటరామారావు గారు నుదుటి బొట్టు మీద చెమట తుడుచుకుని ఓపికగా విన్నారు, మంచి మనిషే, ప్రసాదం కూడా పెట్టారు. "అమ్మా, మీ పిల్ల మీద మీకు ప్రేమ ఉండడం సహజం. నేను చూడంది నేను రాయలేను. మీరు చూశారు కదా, మీ కాలమ్ మీకుంది, మీరు రాయండి" అన్నారు. రాయనా? రాస్తాను. ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని ఆ కాలమ్ నింపి, చాలక వెనక్కి తిప్పి, ఇప్పచెట్ల సంగతి, నా నోటి తప్పు, పెన్సిలు గీతలు, పదకొండు బంతులు అన్నీ రాశాను. చివర, ఎన్నో స్థానంలో తీసుకోదగిన క్రీడాకారిణి అని ఒక గడి ఉంటుంది. అందరూ అక్కడ ఇరవై నుంచి ముప్పై అని రాస్తారు, చేతికి మట్టి అంటకుండా. నేను ఒకటి అని రాశాను. అంకెలో రాసి, మళ్ళీ అక్షరాల్లో రాశాను. మొదటి పేరు. సంతకం పెట్టాను. మర్నాడే గంగయ్యకు ఫోన్ చేసి చెప్పాను, ఒకటో నంబరు అని రాసిన గంగయ్యా అని. ఆయన "సరే మేడం" అన్నాడు, ఇంకేం అనలేదు.

ఆ కాగితం ఎవరైనా చదివారో లేదో. ఒక్క ఫోన్ మాత్రం వచ్చింది, పదిరోజుల కింద, రాంచీ టీము కోచ్‌ని అంటూ ఒక ఆడమనిషి, హిందీలో. ముందుగా ఆట గురించి ఏం అడగలేదు. "ఆ చెట్ల సంగతి మీరు రాసింది నిజమేనా?" అంది. నిజమే అన్నాను. "మా ఊళ్ళోనూ అంతే, మహువా చెట్టు ఎవరిదో వాళ్ళదే" అని నవ్వింది, మన ఇప్పనే వాళ్ళు మహువా అంటారు. "రెండో సగం మీరు కళ్ళారా చూశారా?" అంది. చూశాను. సరే అని పెట్టేసింది. తోచక చేసి ఉంటుంది, చెట్ల ముచ్చట బాగుందని.

ముప్పై ఐదు. కొత్తగూడెం పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. ముప్పై ఆరు, ముప్పై ఏడు, ఇప్పుడు తీసుకునేవాళ్ళు అందుబాటులో ఉన్నవాళ్ళనే తీసుకుంటారు, వినీ వినని పేర్లు వస్తున్నాయి, ఇప్పుడే రావాలి మాది. విజయనగరం అమ్మాయి. నాగపూర్ అమ్మాయి. పదిహేడేళ్ళప్పుడు వరంగల్లులో ఖోఖో జట్టు పేర్లు చదువుతుంటే నేను ఇట్లాగే నిలబడ్డాను, పన్నెండు పేర్లూ చదివి కాగితం మడిచారు. పొట్టి అని రాశారట నా పేరు పక్కన. మరుసటి ఏడాది తీసుకున్నారనుకోండి, అది వేరే, కానీ ఆ కాగితం మడిచిన చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. నేను ఆ పని ఈ పిల్లకు చెయ్యకూడదు అనుకున్నాను, ఒకటి అని రాశాను, రాసి ఏం లాభం, నలభై రెండు, నలభై మూడు, అసలు ఒకటి అని రాయడమే తప్పేమో, పొగరు అనుకున్నారేమో, ఇరవై ఐదు అని రాసి ఉంటే నమ్మేవారేమో. నాగలతా, నీ నోరే నీకు శత్రువు. గీత అవతలిది వాళ్ళది అన్నదీ ఆ నోరే, ఒకటో నంబరన్నదీ ఆ నోరే. నలభై ఆరు. అమ్మా రావమ్మా, వచ్చెయ్. నలభై ఏడు, ఎవరో గువాహటి. నలభై ఎనిమిది. కొల్హాపూర్.

అయిపోయింది. ధన్యవాదాలు అంటున్నారు. ఇయర్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కొత్తగూడెం బస్టాండులో సమోసాలవాడు కిటికీ దగ్గరకొచ్చి అరుస్తున్నాడు, మనవరాలు ఏడుస్తోంది, నాకు అన్నీ చాలా దూరంగా వినిపిస్తున్నాయి. చెప్పాలి. నేనే చెప్పాలి, ఇంకొకరి నోట వినకూడదు. ఏం చెప్పాలో మనసులో పేర్చుకున్నాను, వచ్చే ఏడు కూడా ఉంటుంది, నీ తప్పేం లేదు, గంగయ్యతో నేను మాట్లాడతాను. కాల్స్ ఆపిన బటను తీశానో లేదో ఫోన్ గడగడమని ఊగింది. గంగయ్య నంబరు నుంచి పదమూడు మిస్డ్ కాల్స్. పాపం, పదింటి నుంచీ చేస్తూనే ఉన్నారు. గొంతు సవరించుకుని కలిపాను.

"మేడం! ఏడున్నరు మేడం? ఎన్నిసార్లు చేసిన, కలుస్తనే లేదు!" హేమ్లి. రొప్పుతోంది, ఎటో ఉరుకుతూ మాట్లాడుతోంది.

"బిడ్డా, జర ఇను. ఈ ఏడు కాకపోతే..."

"ఆ? ఇనవడ్తలేదు మేడం, డోలు కొడ్తుండ్రు."

"డోలెందుకే?"

"మీరు ఇనలేదా? నన్నే పిలిచిండ్రు మేడం. అందరికన్న ముందుగాల నన్నే! రాంచీ ఓల్లు. ఒకటో పేరు నాదే!"

నేను మూడో వరసలో లేచి నిలబడ్డాను. పై కమ్మీకి తల తగిలింది, నొప్పి తెలియలేదు. మొదటి పేరు. అడవిలో సిగ్నల్ లేని ఆ పన్నెండు నిమిషాల్లో, నేను శాలువాలు కప్పుకుంటున్నారనుకున్న పన్నెండు నిమిషాల్లో, దేశంలో ఉన్న అందరి పిల్లలకన్నా ముందు, కోల్‌కతా కన్నా, కేరళ కన్నా ముందు మా గంగయ్య బిడ్డ పేరు చదివారు. ఒకటి అని నా చేత్తో రాసి, అక్షరాల్లో రాసి, సంతకం పెట్టిన నేను, ఆ ఒకటో పేరు వినాలని ఒక్కసారైనా వెనక్కి జరపలేదు. తొమ్మిది నుంచి నలభై ఎనిమిది దాకా అడుక్కుంటూ కూర్చున్నాను. రాయడమైతే రాశాను, నమ్మలేదు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి వస్తుంటే ముసలామె లేచి "ఏమైంది బిడ్డా, ఎవలన్న పోయిండ్రా?" అని నా చెయ్యి పట్టుకుంది. పోలేదమ్మా, వచ్చింది, వచ్చింది అని ఏదో చెప్పాను. అవతల ఫోన్ చేతులు మారింది, డోలు చప్పుడు దూరమైంది, గంగయ్య దగ్గాడు.

"మేడం, అన్నం వండినం. వస్తున్నరు గద?"

"వస్తున్న గంగయ్యా, గంటల వస్త. ముందు ఆ ట్రాలీ ఓల్లకు ఫోన్ చెయ్యి. రేపు పొద్దున వచ్చి ఇంటి ముందు నిలబడ్తరు, హేమ్లి రాదని ఇప్పుడే చెప్పు."

"ఎప్పుడో చెప్పిన. పోయిన నెలనే చెప్పిన, మా పిల్ల రాదు, ఇంకొకల్లను చూసుకోండ్రని."

"పోయిన నెలనా? పేరొస్తదో రాదో తెలవకుండనే?"

"అదేంది మేడం గట్లంటరు." గంగయ్య గొంతులో నిజంగానే ఆశ్చర్యం. "ఒకటో నంబరని రాసిన అంటిరి గద. మీరు రాసినంక ఇంక తెలవకపోవుడు ఏముంటది?"

బస్సు స్టార్టయింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, అందరూ చూస్తుండగా గట్టిగానే అన్నాను.

"అవ్ గంగయ్యా. నేనే రాసిన."